గ్రాంటు వచ్చింది, బడ్జెట్ మారలేదు

మున్సిపల్ బడ్జెట్ రాసే నెలకూ, గ్రాంటు సంగతి ఖాయంగా తెలిసే నెలకూ పొంతన ఉండదు. హైదరాబాద్ నగరపాలక చట్టం ప్రకారం కమిషనర్ నవంబరులో ముసాయిదాను స్టాండింగ్ కమిటీ ముందు పెట్టాలి. జనవరిలో అది కౌన్సిల్‌కు చేరాలి, ఫిబ్రవరి 20లోగా ఆమోదం పొందాలి. కేంద్ర బడ్జెట్ వచ్చేదేమో ఫిబ్రవరి 1న. రాష్ట్ర బడ్జెట్ ఆ తర్వాతెప్పుడో. ఆ రెండింట్లోని కేటాయింపులు జీవోలుగా మారి, పట్టణాల వారీగా విడిపోయి, మున్సిపల్ ఆఫీసుకు చేరేసరికి వానాకాలం వెళ్లిపోయి ఉంటుంది. మరి ముసాయిదాలో ప్రభుత్వ గ్రాంట్ల పద్దుకు ఎదురుగా ఉన్న అంకె ఎక్కడిది? చాలాచోట్ల అది నిరుటి అంకెకు కొంత కలిపి రాసినదే.

అందుకే ఏడాది మధ్యలో కొత్త గ్రాంటు మంజూరైందన్న కబురు వస్తే బడ్జెట్ సవరించుకోక తప్పదు. పైకి ఇది గుమాస్తా పనిలా కనిపిస్తుంది. జమలో ఇంత వేసి, ఖర్చులో అంతే వేసి, అడుగున రెండు మొత్తాలూ సరిపోయాయో లేదో చూసుకుంటే అయిపోయిందనిపిస్తుంది. మన పురపాలికల్లో జరుగుతున్నదీ ఎక్కువగా ఇంతే. కానీ జమ వైపు దిద్దడం తేలిక, దానికి అందరికీ తొందర కూడా. అసలు దిద్దుబాటు కావలసింది ఖర్చు వైపు. ఆ ఏడాది ఖర్చు ఒక్కటే చూస్తే చాలదు. గ్రాంటుతో కట్టినదాన్ని నడపడానికి ఆ తర్వాత పదేళ్లు అయ్యే ఖర్చునూ లెక్కలోకి తీసుకోవాలి.

ఈ ప్రశ్నకు ఇప్పుడింత బరువు ఎందుకొచ్చిందో తెలియాలంటే కొన్ని అంకెలు చూడాలి. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పురపాలికలకు వనరులు సమకూర్చే మార్గాలు సూచించే బాధ్యతను ఆ సవరణే 280వ అధికరణం ద్వారా కేంద్ర ఆర్థిక సంఘానికి అప్పగించింది. 10వ ఆర్థిక సంఘం పట్టణాలకు సిఫారసు చేసింది 1,000 కోట్లు. 11వది 2,000 కోట్లు, 12వది 5,000 కోట్లు. 13వ సంఘం ఒక్కసారిగా 23,111 కోట్లకు ఎగబాకింది. 14వ సంఘం నాటికి అది దాదాపు 87,144 కోట్లు. 2021–26 కాలానికి 15వ సంఘం లెక్కగట్టింది 1,21,055 కోట్లు. ఇవి కాక 2005 డిసెంబరులో మొదలైన జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం, 2015 జూన్ 25న ఒకే రోజు మొదలైన స్మార్ట్ సిటీస్, అమృత్, 2021 అక్టోబరు 1న వచ్చిన అమృత్ 2.0, స్వచ్ఛభారత్ 2.0 ఉన్నాయి.

పుచ్చుకునే పురపాలికల పరిస్థితి ఏమిటి? రిజర్వ్ బ్యాంకు 2022 నవంబరులో పురపాలక ఆర్థిక స్థితిపై మొదటి నివేదిక తెచ్చింది. మన పురపాలికల రాబడి, ఖర్చు దేశ స్థూల ఉత్పత్తిలో ఒక శాతం దగ్గరే పదేళ్లకు పైగా నిలిచిపోయాయని అందులో ఉంది. బ్రెజిల్‌లో అది 7.4 శాతం, దక్షిణాఫ్రికాలో 6 శాతం. 18 రాష్ట్రాల్లో 74వ సవరణ అమలుపై కాగ్ చేసిన ఆడిట్ల సంకలనం చూస్తే, పట్టణాల ఆదాయంలో సొంత వాటా 32 శాతమే. సొంత సంపాదన ఇంత సన్నగా ఉన్నచోట ఒక్క కొత్త గ్రాంటు చాలు, బడ్జెట్ రూపమే మారిపోవడానికి.

అరవై కోట్లు ఎలా నాలుగు కోట్లయ్యాయి

ఒక ఊరిని ఊహించుకుని లెక్క వేసి చూద్దాం. జనాభా రెండు లక్షలు. ఇంటి పన్ను, నీటి చార్జీలు, దుకాణాల అద్దెలు, ప్లాన్ ఫీజులు, స్టాంపు డ్యూటీపై సర్‌చార్జి వాటా అన్నీ కలిపి ఏటా 40 కోట్ల రాబడి అనుకుందాం. అమృత్ 2.0 కింద 60 కోట్ల తాగునీటి పథకం మంజూరైంది. ఆ వారం ఊళ్లో ఫ్లెక్సీలన్నిటి మీదా '60 కోట్లు' అనే ఉంటుంది.

లక్ష నుంచి పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు ఆ పథకంలో కేంద్రం ఇచ్చేది మూడో వంతు. అంటే 20 కోట్లు. అదీ ఒక్కసారిగా రాదు. 20, 40, 40 శాతం చొప్పున మూడు విడతలు. మొదటి విడత 4 కోట్లు. రెండో విడత కావాలంటే మొదటిది ఖర్చయినట్టు వినియోగ ధ్రువపత్రం, అదే యూసీ, పంపాలి. మిగిలిన 40 కోట్లు రాష్ట్రం, పురపాలిక కలిసి పెట్టుకోవాలి. పురపాలిక వంతు 6 కోట్లు అనుకుందాం.

ఇప్పుడు బడ్జెట్ సవరించాలి. అందరికీ తోచే దారి, జమలో 60 కోట్లు, ఖర్చులో 60 కోట్లు రాసేయడం. 40 కోట్ల ఊరి బడ్జెట్ రాత్రికి రాత్రి 100 కోట్లవుతుంది. చైర్‌పర్సన్ ప్రెస్‌మీట్‌లో చెప్పుకోవడానికి గుండ్రటి సంఖ్య. తీరా మార్చి నెలాఖరుకు కేంద్రం మొదటి విడత 4 కోట్లు, రాష్ట్ర వాటాలో కొంత చేరితే గొప్ప. సవరించిన అంచనాల్లో 60 కాస్తా ఏ ఎనిమిదో తొమ్మిదో అవుతుంది. మిగిలిన యాభై పైచిలుకు కొత్త ఏడాది అంచనాల్లోకి మళ్లీ ఎక్కుతుంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు రాని డబ్బుకు పద్దులు తయారుగా ఉంటాయి.

దీనివల్ల పోయేది పుస్తకం పరువు ఒక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు. వంద కోట్ల బడ్జెట్ చూసిన కౌన్సిలర్లు వార్డుకు ఇన్ని లక్షలని పనులు అడుగుతారు. అడగడంలో తప్పు లేదు, పుస్తకంలో డబ్బు కనిపిస్తున్నది కదా. పనులకు మంజూరు ఇస్తారు, టెండర్లు పిలుస్తారు. నగదు ఉన్నది నలభై కోట్లకే. అందులో జీతాలు, కరెంటు బిల్లు, పారిశుధ్య కార్మికుల వేతనాలు ముందుగా పోతాయి. వాటి వెనకాల పురపాలిక వంతు ఆరు కోట్లు నిలబడి ఉంటుంది, అది కట్టకపోతే పథకం కదలదు. చివరకు మిగిలేవి కాంట్రాక్టర్ల పెండింగ్ బిల్లులు. మరుసటి ఏడాది టెండర్లకు ఎవరూ రాకపోవడమో, వచ్చినా బిల్లు ఆలస్యాన్ని ముందే లెక్కేసుకుని ఎక్కువ కోట్ చేయడమో జరుగుతుంది. అంటే జమ పద్దులో రాసిన ఉత్తుత్తి సంఖ్యకు ఊరు అసలు డబ్బుతో మూల్యం చెల్లిస్తుంది.

సరైన పద్ధతి ఏమంత కష్టం కాదు. మంజూరు మొత్తాన్ని అనుబంధంగా ఒక పట్టికలో చూపవచ్చు. బడ్జెట్ జమలోకి మాత్రం ఆ ఏడాది నిజంగా రాగల విడతే ఎక్కాలి. పురపాలిక వంతును సాధారణ నిధిలోంచి తీసి ముందుగా పక్కన పెట్టాలి. ఆరు కోట్లకు చోటు చేయడానికి ఏ పనిని వాయిదా వేస్తున్నారో కౌన్సిల్‌కు చెప్పాలి. ఈ చివరి మాట ఏ సవరణ బడ్జెట్‌లోనైనా కనిపిస్తే పాఠకులు దాన్ని దాచుకోవచ్చు, అంత అరుదు.

లెక్కల శాస్త్రం ఈ విషయాన్ని ఎప్పుడో తేల్చింది. 2004లో వచ్చిన జాతీయ పురపాలక అకౌంట్ల మాన్యువల్ ప్రకారం, ఫలానా పనికే అని వచ్చిన మూలధన గ్రాంటు ఆదాయం కిందకు రాదు. ఖర్చు పెట్టేదాకా అది బాధ్యతల వైపు ఉండాలి. అంటే ఊరు బాకీ ఉన్న సొమ్ము. పని చేసిన కొద్దీ ఆ బాకీ తీరుతుంది. కానీ బడ్జెట్ పుస్తకం నగదు లెక్కలో నడుస్తుంది, వార్షిక లెక్కలు మరో పద్ధతిలో తయారవుతాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి చదివేవాళ్లు తక్కువ. అందుకని ఆడిటర్ దృష్టిలో అప్పుగా ఉన్న డబ్బే కౌన్సిల్ దృష్టిలో సంపదగా ఉంటుంది.

ఇంకో మెలిక ఇటీవలిది. 2021 జూలై నుంచి కేంద్ర ప్రాయోజిత పథకాలకు ఒక్కో రాష్ట్రంలో ఒకే నోడల్ ఏజెన్సీ, ఒకే ఖాతా అనే పద్ధతి వచ్చింది. కింది సంస్థలకు ఉండేవి జీరో బ్యాలెన్స్ ఖాతాలు. బిల్లు పెట్టినప్పుడు పరిమితి మేరకు పై ఖాతాలోంచి డబ్బు వెళ్తుంది. డబ్బు ఎక్కడెక్కడి బ్యాంకుల్లోనో ఊరకే మూలగకూడదన్న ఉద్దేశం మంచిదే. నిల్వపై వచ్చే వడ్డీ కూడా ప్రభుత్వాల ఖజానాకే జమ కావాలి, కాబట్టి గ్రాంటును బ్యాంకులో ఉంచి వడ్డీ తినే పాత అలవాటుకు కళ్లెం పడింది. అయితే పురపాలిక చేతికి నగదు రాదు, దాని పేరు మీద ఖర్చు మాత్రం జరుగుతుంది. అలాంటి గ్రాంటును ఊరి బడ్జెట్‌లో రాయాలా వద్దా? రాయాలనే నా ఉద్దేశం. పైపు ఊరిది, పగిలితే బాగుచేయవలసింది ఊరే.

ఎవరిని అడిగి సవరించారు

హైదరాబాద్ చట్టంలో ఏడాది మధ్యలో కేటాయింపు పెంచుకోవడానికి, కొత్త పద్దు చేర్చుకోవడానికి కౌన్సిల్‌కు వీలుంది. చిక్కంతా వాడుకలో ఉంది. గ్రాంటుకు గడువు ఉంటుంది, కౌన్సిల్ సమావేశానికి ఇంకా సమయం ఉంటుంది. ఆమోదం వస్తుందన్న భరోసాతో పని మొదలుపెట్టి, తర్వాత సమావేశంలో టేబుల్ అజెండాగా తెచ్చి ధ్రువీకరించుకుంటారు. అజెండా కాగితం చేతికందిన పది నిమిషాల్లో చదివి, అడిగి, అభ్యంతరం చెప్పగల కౌన్సిలర్ ఎంతమంది? 'గ్రాంటు వస్తుంటే వద్దంటారా' అన్న ఒక్క మాటతో చర్చ ముగుస్తుంది.

అసలు కౌన్సిలే లేని కాలాలూ ఉన్నాయి. విశాఖపట్నంలో 2012 నుంచి 2021 వరకు, గుంటూరులో 2010 నుంచి 2021 వరకు ఎన్నికైన పాలకవర్గం లేదు. ప్రత్యేకాధికారులే బడ్జెట్ ఆమోదించారు. ఆ తొమ్మిదేళ్లలోనే విశాఖ మీద 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విరుచుకుపడింది, తర్వాత పునర్నిర్మాణం, ప్రపంచ బ్యాంకు రుణంతో విపత్తు పునరుద్ధరణ పనులు, స్మార్ట్ సిటీ అన్నీ వచ్చాయి. నగర చరిత్రలో బయటి డబ్బు అంతగా ప్రవహించిన రోజుల్లో ఆ డబ్బు గురించి సభలో లేచి ప్రశ్నించే వార్డు ప్రతినిధి ఒక్కరూ లేరు. అధికారులు బాగా పనిచేసి ఉండవచ్చు. అయినా ఇది లోపమే.

కౌన్సిల్ ఉన్నా దాన్ని పక్కకు తప్పించిన ఏర్పాటు స్మార్ట్ సిటీ. ఎంపికైన ఒక్కో నగరానికి ఐదేళ్లలో కేంద్రం 500 కోట్లు, రాష్ట్రం, నగరం కలిసి అంతే మొత్తం ఇవ్వాలన్నది నియమం. ఆంధ్రప్రదేశ్‌లో విశాఖ, కాకినాడ, తిరుపతి, అమరావతి, తెలంగాణలో వరంగల్, కరీంనగర్ ఈ జాబితాలో ఉన్నాయి. డబ్బు నగరపాలక సంస్థకు కాకుండా, కంపెనీల చట్టం కింద పెట్టిన ప్రత్యేక సంస్థకు వెళ్లింది. రాష్ట్రానికి సగం వాటా, నగరానికి సగం. పనులు వేగంగా జరుగుతాయన్నది వాదన, కొన్ని జరిగాయి కూడా. నగర బడ్జెట్ పుస్తకంలో ఈ ఖర్చు కనిపించింది ఎక్కువగా మ్యాచింగ్ వాటా రూపంలోనే.

స్మార్ట్ సిటీస్ మిషన్ 2025 మార్చి 31తో ముగిసింది. దేశంలోని నూరు స్మార్ట్ నగరాల్లోనూ కమాండ్ కంట్రోల్ కేంద్రాలు వెలిశాయి. వాటికి తెరలు, సర్వర్లు, కెమెరాలు, సాఫ్ట్‌వేర్ లైసెన్సులు, ఆపరేటర్ల జీతాలు ఉంటాయి. వీటి నిర్వహణ ఒప్పందాలు ఒక్కొక్కటే ముగిసేకొద్దీ బిల్లు వచ్చేది నగరపాలక సంస్థ గుమ్మానికే, అంతకాలం ఆ ఖర్చుకు తన పుస్తకంలో ఒక్క గడి కూడా పెట్టుకోని సంస్థకు. గ్రాంటును బడ్జెట్ బయట నడిపితే ఏమవుతుందో చూడాలంటే ఇంతకన్నా పెద్ద ఉదాహరణ మన దగ్గర లేదు.

హైదరాబాద్‌లో ఈ చిక్కు మరోలా ఉంది. 15వ ఆర్థిక సంఘం పది లక్షలు దాటిన నగరాలకు (మన రెండు రాష్ట్రాల్లో హైదరాబాద్, విశాఖ, విజయవాడ) ఇచ్చిన సొమ్మంతా పనితీరుకు ముడిపెట్టింది. మూడో వంతు గాలి నాణ్యతకు, మిగతా రెండు వంతులు నీరు, పారిశుధ్యం, చెత్త నిర్వహణకు. హైదరాబాద్‌లో రోడ్లు, చెత్త జీహెచ్‌ఎంసీ చూస్తే నీరు, మురుగు చూసేది జలమండలి. దాని బడ్జెట్ వేరు. నగరం పేరు మీద వచ్చిన గ్రాంటు ఎంత, ఎక్కడ ఖర్చయింది అని తెలుసుకోవాలంటే రెండు సంస్థల లెక్కలు తిరగెయ్యాలి.

చిన్న పట్టణాలకు ఇచ్చినదాంట్లో 60 శాతం నీరు, పారిశుధ్యాలకు కట్టుబడినది, 40 శాతం స్వేచ్ఛగా వాడుకోదగినది. జీతాలకు తప్ప దేనికైనా వాడుకోవచ్చన్న ఆ 40 శాతమే కమిషనర్లకు ప్రాణాధారం. కరెంటు బకాయిలు ఎక్కువగా ఉన్నచోట దాని మీదే అందరి కన్నూ పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆర్థిక సంఘం నిధుల్ని విద్యుత్ బకాయిలకు సర్దుబాటు చేశారని సర్పంచులు రోడ్డెక్కిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అది పంచాయతీల గొడవే అయినా, ఊరి పేరిట వచ్చిన గ్రాంటు ఊరి తీర్మానం లేకుండానే ఖర్చైపోవచ్చని అది చూపింది.

గ్రాంటు వస్తే పన్ను తగ్గుతుందా

ఈ విషయం మీద ఆర్థిక శాస్త్రంలో పెద్ద సాహిత్యమే ఉంది. బయటి నుంచి పది రూపాయలు వచ్చినా, ఊరి జనం ఆదాయం పది రూపాయలు పెరిగినా స్థానిక ప్రభుత్వ ఖర్చు ఒకేలా మారాలన్నది సిద్ధాంతం. అంటే గ్రాంటులో చాలా భాగం పన్ను తగ్గింపు రూపంలో జనానికి తిరిగి చేరాలి. 1970ల నుంచి అమెరికాలో ఎడ్వర్డ్ గ్రామ్లిచ్ వంటివాళ్లు అంకెలు తీసి చూస్తే అలా జరగలేదు. డబ్బు ఎక్కడ పడిందో అక్కడే అతుక్కుంది, ప్రభుత్వ ఖర్చుగానే మిగిలింది. ఆర్థర్ ఓకన్ దీనికి ఈగలు అతుక్కునే జిగురు కాగితం పేరు పెట్టాడు. సిద్ధాంతం ఎందుకు తప్పిందో ఇప్పటికీ తెగని వాదమే.

మన దగ్గర బెంగ వేరు. గ్రాంటు వస్తుందన్న ధీమాతో సొంత వసూళ్లను ఎండబెట్టుకుంటున్నామా? హైదరాబాద్‌లో 2016 కార్పొరేషన్ ఎన్నికల ముందు, ఏడాదికి 1,200 రూపాయల లోపు ఇంటిపన్ను ఉన్నవాళ్లకు దాన్ని 101 రూపాయలకు తగ్గించారు. పేదవాడికి ఉపశమనమే, కాదనను. ఆ లోటును ఏ పద్దు నింపుతుందన్న ప్రశ్న మాత్రం అప్పుడు ఎన్నికల సందడిలో వినపడలేదు.

15వ ఆర్థిక సంఘం ఈ బెంగతోనే షరతులు పెట్టింది. లెక్కలు అందరికీ కనపడేలా ఇంటర్నెట్‌లో పెట్టాలి. ఆస్తి పన్నుకు కనీస రేట్లు నోటిఫై చేయాలి. ఆ తర్వాత పన్ను వసూళ్లు రాష్ట్ర స్థూల ఉత్పత్తి పెరుగుదలకు తగ్గకుండా పెరగాలి. రాష్ట్ర ఆర్థిక సంఘాన్ని వేసి, దాని సిఫారసులపై చర్య తీసుకోని రాష్ట్రానికి 2024 మార్చి తర్వాత గ్రాంటు లేదు. అంతకు ముందే, 2020లో కరోనా వేళ రాష్ట్రాలకు ఇచ్చిన అదనపు అప్పు పరిమితిలో, రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో పావు శాతం మేర భాగాన్ని పట్టణ సంస్కరణలకు కట్టారు. ఆంధ్రప్రదేశ్ అది అందుకోవడానికి అద్దె విలువ పద్ధతి వదిలి, 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి మూలధన విలువ మీద పన్ను వేసే పద్ధతికి మారింది. పెంపు ఏటా 15 శాతం దాటకుండా కట్టు వేసినా పట్టణాల్లో ధర్నాలు జరిగాయి. గ్రాంటు కోసం వేసిన పన్ను అన్న కోపం జనంలో కనిపించింది. ఆ కోపం పూర్తిగా అన్యాయమని నేననను. ఏ షరతు మీద ఏ డబ్బు వస్తున్నదో బడ్జెట్ సభలో ముందే చెప్పి ఉంటే ధర్నా రూపం మరోలా ఉండేది.

షరతుల వల్ల బడ్జెట్‌కు మరో చిక్కు. పన్ను వసూళ్లు లక్ష్యం చేరకపోతే గ్రాంటు ఆగుతుంది. అంటే ఒక పద్దు తప్పితే ఇంకో పద్దు కూడా తప్పుతుంది. రెండూ ఒకేసారి కూలే ఏడాదికి ఏ పురపాలికా ప్రత్యామ్నాయ లెక్క వేసి పెట్టుకోదు.

అప్పుకు తోకగా వచ్చే గ్రాంటు కూడా ఒకటుంది. బాండ్లు జారీ చేసే నగరాలకు కేంద్రం 100 కోట్లకు 13 కోట్ల చొప్పున ప్రోత్సాహకం ఇచ్చింది. జీహెచ్‌ఎంసీ 2018 ఫిబ్రవరిలో 8.90 శాతం వడ్డీకి 200 కోట్లు, విశాఖ అదే ఏడాది డిసెంబరులో 10 శాతం వడ్డీకి 80 కోట్లు సేకరించాయి. ప్రోత్సాహకం ఒక్కసారి, వడ్డీ పదేళ్లు.

అన్ని బయటి డబ్బులూ ఖర్చే పెంచవు. హుద్‌హుద్ తర్వాత విశాఖలో తొంభై వేలకు పైగా వీధి దీపాలను ఎల్‌ఈడీకి మార్చారు. కేంద్ర సంస్థ ఈఈఎస్‌ఎల్ పెట్టుబడి పెట్టి, ఆదా అయిన కరెంటు డబ్బులోంచి తిరిగి తీసుకునే ఒప్పందం అది. సాంకేతికంగా గ్రాంటు కాదు. కానీ బయటి డబ్బు తీసుకునేటప్పుడు అడగవలసిన ప్రశ్న ఇందులోనే ఉంది. దీనివల్ల వచ్చే ఏడాది ఏ పద్దు తగ్గుతుంది, ఏ పద్దు పెరుగుతుంది? దీపాల విషయంలో కరెంటు పద్దు తగ్గింది. మురుగుశుద్ధి కేంద్రం కడితే పెరుగుతుంది. పార్కు కడితే కాపలా మనిషి, నీళ్లు, మాలి. గ్రాంటు ఇచ్చేవాళ్లకు కట్టడం ఇష్టం, శిలాఫలకం మీద పేరుంటుంది. మోటారు రీవైండింగ్‌కు శిలాఫలకం ఎవరూ వెయ్యరు.

ఇతరులు ఏం చేస్తున్నారు

కేరళ చూడండి. రాష్ట్ర బడ్జెట్‌తో పాటు నాలుగో అనుబంధం అని ఒక సంపుటం వస్తుంది. రాష్ట్రంలోని ప్రతి పంచాయతీకి, పురపాలికకు, కార్పొరేషన్‌కు రాబోయే ఏడాది ఎంత సొమ్ము ఏ పద్దు కింద రాబోతున్నదో పేరుపేరునా అచ్చవుతుంది. స్థానిక సంస్థ దాన్ని ముందు పెట్టుకుని ప్రణాళిక వేసుకుంటుంది. విడుదలలో ఆలస్యాలు అక్కడా ఉన్నాయి, రాష్ట్రం చేతిలో డబ్బు లేనప్పుడు కోతలూ ఉన్నాయి. అయినా ఊహ మీద బడ్జెట్ రాసే దుస్థితి లేదు. ఈ పని మన రెండు రాష్ట్రాలు చేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త డబ్బు అసలే అక్కర్లేదు. తెలంగాణ ఒకసారి దీనికి దగ్గరగా వచ్చింది. 2020 ఫిబ్రవరిలో పట్టణ ప్రగతి మొదలుపెట్టి, పట్టణాలకు నెలనెలా 148 కోట్లు అని ప్రకటించినప్పుడు కమిషనర్లు కనీసం నెలవారీ లెక్క వేసుకోగలిగారు. పథకం మంచిచెడ్డలు ఎలా ఉన్నా, ముందే తెలిసిన చిన్న మొత్తం ఎప్పుడొస్తుందో తెలియని పెద్ద మొత్తం కన్నా నయం.

అమెరికాలో పద్ధతి ఇంకా కచ్చితం. డాలస్ సిటీ కౌన్సిల్ అజెండా తిరగేసే తెలుగువాళ్లకు ఇది పరిచితమే. గ్రాంటు స్వీకరించడానికి ఒక అంశం. అందులోనే డబ్బు ఎక్కడి నుంచి, ఏ నిధిలో జమ, ఎంత కేటాయింపు, నగరం వంతు ఉంటే ఎంత, అన్నీ ఉంటాయి. స్వీకరణ, సవరణ ఒకే తీర్మానంలో అయిపోతాయి. గ్రాంటు నిధి వేరు, సాధారణ నిధి వేరు, రెంటినీ కలపరు.

అయినా అక్కడా పాఠం నేర్చుకోవలసే వచ్చింది. కరోనా తర్వాత 2021 మార్చిలో వచ్చిన అమెరికన్ రెస్క్యూ ప్లాన్ చట్టం రాష్ట్రాలకు, స్థానిక ప్రభుత్వాలకు 35,000 కోట్ల డాలర్లు ఇచ్చింది. 2024 డిసెంబరు 31లోగా ఏ పనికో కట్టుబడాలి, 2026 డిసెంబరు 31లోగా ఖర్చు పెట్టాలి. ఒక్కసారి వచ్చే డబ్బుతో ఏటా చేయవలసిన ఖర్చు నెత్తికెత్తుకోవద్దని అక్కడి ప్రభుత్వ ఆర్థికాధికారుల సంఘం హెచ్చరించింది. విన్న నగరాలు పైపులు, పంపులు మార్చుకున్నాయి. వినని నగరాలు సిబ్బందిని తీసుకుని, గ్రాంటు గడువు దగ్గరపడ్డాక జీతాలకు దిక్కు వెతుక్కున్నాయి.

ఇన్ని చూశాక నాకు తోచేది ఇది. కొత్త గ్రాంటు వచ్చిన ప్రతిసారీ సవరణ బడ్జెట్ కౌన్సిల్ ముందుకు, టేబుల్ అజెండాగా కాక, ముందుగా పంచిన కాగితంగా రావాలి. అందులో ఈ ఏడాది రాగల విడత ఎంతో, మన వంతు ఎంతో, దాని కోసం ఏ సొంత పని ఆగుతుందో, కట్టినదాన్ని నడపడానికి ఏటా ఎంతో, ఆ ఖర్చు ఏ రాబడి మోస్తుందో ఉండాలి. నిర్వహణ ఖర్చుకు దారి చూపలేని గ్రాంటును వద్దనే ధైర్యం ఏ పాలకవర్గానికీ రాదని నాకు తెలుసు. కనీసం తెలిసి తీసుకోవచ్చు. స్మార్ట్ సిటీ తరహా కంపెనీల ఖర్చు, నోడల్ ఖాతా ద్వారా జరిగే ఖర్చు కూడా నగర బడ్జెట్‌లో అనుబంధంగానైనా అచ్చు కావాలి.

2026 ఏప్రిల్ నుంచి లెక్క 16వ ఆర్థిక సంఘానిది. కొత్త మొత్తాలు, కొత్త షరతులు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు తమ తర్వాతి బడ్జెట్‌తో పాటు ప్రతి పురపాలికకు ఏ గ్రాంటు ఎంత, ఏ నెలలో అన్న జాబితాను కేరళ మాదిరిగా అచ్చువేసి ఇవ్వాలి. మీ ఊరి మున్సిపల్ బడ్జెట్ బహిరంగ పత్రం, అడిగితే ఇవ్వవలసిందే. ఈసారి అది చేతికొచ్చినప్పుడు మొదటి పేజీలోని మొత్తం దగ్గర ఆగకండి. గ్రాంట్ల పద్దులో నిరుడు ఎంత రాశారో, ఎంత వచ్చిందో చూసి, ఆ తేడా ఎందుకో మీ వార్డు కౌన్సిలర్‌ను అడగండి.